స్లాబు రాలుతున్నా పక్కా ఇల్లే

1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో తాటాకిళ్లు ఎగిరిపోయాయి. అందుకే ఆ తర్వాత మనోళ్లకి ప్రభుత్వం ఇచ్చే స్లాబు ఇల్లంటే కొండంత ధైర్యం. అయితే సముద్రం దాపున ఉప్పునీళ్లో, ఉప్పు ఇసకో కాంక్రీటులో కలిస్తే లోపలి ఊచలు తుప్పు పడతాయి. తుప్పు ఉబ్బి స్లాబుని పగలగొడుతుంది, పెచ్చులు ఊడతాయి.

మరి రిపేరుకి సాయం? ఇందిరా ఆవాస్ యోజనలో బాగుచేతకి కొంత డబ్బుండేది, అదీ కచ్చా ఇళ్లకే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మైదాన ప్రాంతంలో కొత్త ఇంటికి 1.20 లక్షలు ఇస్తుంది. ఎవరికి? ఇల్లు లేనోళ్లకి, కచ్చా గోడలూ కచ్చా కప్పూ ఉండి రెండు గదులు దాటని ఇళ్లోళ్లకి. మొదట్లో జాబితాకి ఆధారం 2011 సర్వే. కప్పు దేంతో వేశారని అది అడిగింది, నిలుస్తుందా అని అడగలేదు! పెచ్చులకి భయపడి ఓ ఎరుకల కుటుంబం పక్కనే పాకలో పడుకున్నా, కాగితం మీద పక్కా ఇంటోళ్లే.