కుడివైపు అరిగిన రబ్బరు

కోఠీ గుజరాతీ గల్లీలోకి ఎండ సరిగా దిగదు. వేలాడే బోర్డులూ వైర్ల కట్టలూ పైనే ఆపేస్తాయి. మీరు రిపేరు కొట్టు కౌంటరుకి ఆనుకుని నిలబడ్డారు. ఎవరో స్పీకర్ల డబ్బా నెత్తిన పెట్టుకుని "జరుగు, జరుగు" అంటూ మీ భుజం రాసుకుంటూ పోయాడు. భాయ్ తల ఎత్తలేదు. మీరిచ్చిన పాత టీవీ గేము రిమోట్‌ని బల్లమీది లైటు కింద అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఎన్నేండ్లాయె దీన్ని ముట్టక?"

"ఇరవై దాటింది భాయ్. అటక మీద దొరికింది. కుడి బటన్ ఒకసారి పలుకుతుంది, పదిసార్లు పలకదు."

"గంతేనా?" అని స్క్రూలు విప్పడం మొదలెట్టాడు. ఒకటి తుప్పుపట్టి మొరాయించింది. దానికో చుక్క నూనె వేసి, మిగతావాటి పని చూసి, మళ్లీ దాని దగ్గరికొచ్చాడు. ఈసారి కిర్రుమంటూ లొంగింది.

మూత లేచింది. ముందు కనబడింది మురికే. బటన్ల చుట్టూ పేరుకున్న జిడ్డు, రెండు వెంట్రుకలు, ఏనాటిదో బిస్కెట్ పొడి. దాని కింద గోధుమరంగు బోర్డు. అసలు నింటెండో రిమోట్‌లో ఇక్కడ 4021 అనే పదహారు కాళ్ల చిప్పు ఉంటుంది. మన ఊళ్లకొచ్చిన ఈ నకలులో చిప్పుని తారుబొట్టులాంటి ఎపాక్సీ కింద పాతేశారు. చేసే పని మాత్రం అదే. ఎనిమిది బటన్లలో ఏవి నొక్కి ఉన్నాయో ఒక్కసారిగా పట్టుకుని ఏ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి అనే వరసలో ఒకే తీగ మీద గేము పెట్టెకి చేరవేస్తుంది. అంతకుమించి తెలివి దానికి లేదు. అందుకే చెడేదీ తక్కువ.

భాయ్ రబ్బరు తిరగేసి చూపించాడు. గుబ్బల లోపల కార్బన్ బిళ్లలు. ఎడమది ఇంకా మసి నలుపే. కుడిది నున్నగా మెరుస్తోంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో తెర వెనక్కి జరగదు కదా, ఆడినవాళ్లంతా కుడికే పరిగెత్తారు. వేసవి సెలవులన్నీ ఈ ఒక్క బిళ్ల మీదే అరిగాయి. మీటరు ప్రోబులు రెండింటికీ ఆనించి చూశాడు. కుడిదాని ఓమ్‌లు ఎడమదానికి ఎన్నో రెట్లు. అంత అడ్డు ఉంటే నొక్కిన సంగతి చిప్పుకి అందదు.

"పెన్సిల్ రుద్దితే?" అన్నారు మీరు. టీవీ రిమోట్‌కి ఇంటింటా చేసిన వైద్యమే.

"రెండు దినాలు నడుస్తది. కొందరు సిగరెట్ రేకు అంటిస్తరు. అది బోర్డునే గీకేస్తది."

తెల్లకాగితం మీద బిళ్లను మెల్లగా రుద్దాడు. నల్లటి చార పడింది, మెరుపు పోయింది. మళ్లీ మీటరు. అంకె తగ్గింది గానీ చాలలేదు. తుక్కుడబ్బాలోంచి పాడైన టీవీ రిమోట్ రబ్బరు లాగి, ఎవరూ నొక్కని బటనేదో వెతికి, దాని బిళ్లను బ్లేడుతో కోసి గమ్ము చుక్కతో ఇక్కడ అంటించాడు.

ఇక బోర్డు. ఒకదాని సందులోకి ఒకటి చొచ్చిన నల్లటి గీతలు మురికిలా ఉన్నాయి, ఎరేజరు పెట్టి రుద్దాలని మీకు చేతులు దురద పెడతాయి. వద్దు. ఆ నలుపే కాంటాక్టు, రాగి మీద అచ్చేసిన కార్బన్. గరుకు కాగితం తగిలిందా, బోర్డు పోయినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కసారి తుడిస్తే చాలు.

అయిపోయిందనుకున్నారు. భాయ్ వైరు రెండు కొనలకీ మీటరు ఆనించి, మెడ పట్టుకుని వంచాడు. మీటరు కూత ఆగింది, మళ్లీ మొదలైంది.

"చూసిన్రా? లోపట తెగింది."

ఆడటం అయ్యాక వైరుని రిమోట్‌కే చుట్టేసి పెట్టేవాళ్లం. తెగేది అక్కడే. లోపల ఐదు తీగలు. ఈ నకళ్లలో ఎరుపంటే ప్లస్ అని నమ్మితే కొంప మునుగుతుంది, ఒక్కోదానిది ఒక్కో వరస. ముందే ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. మెడ దగ్గరి ముక్క కోసేసి, కొనలు ఒలిచి, ఏ తీగని ఆ తీగ పాత చోటే సోల్డర్ చేశాడు. పొగ మీ కళ్లలోకొచ్చింది.

మూత బిగించి చేతికిచ్చాడు.

"వైరు నాలుగు వేళ్లంత పొట్టిదైంది. టీవీకి జర దగ్గర గూసోని ఆడుండ్రి. ఇంకో రిమోట్ ఉండాలె గదా? అది తమ్మునిదై ఉంటది. తేండ్రి. దాంట్ల కుడి బటన్ కొత్తగనే ఉంటది, వైరే పోయుంటది."