కృష్ణాతీరమున పానశృంగము

రోమనులు మిన్నగా నెంచిన మధువులలో ఫలెర్నియము ఒకటి. ఇటలీలో కంపానియా సీమయందలి మస్సికస్ కొండవాలు దాని జన్మస్థానము. మరీ క్రొత్తదియు, మరీ పాతదియు మేలు కాదనియు, దాని నడిప్రాయము 15వ యేట మొదలగుననియు ప్లినీ వ్రాసెను.

క్రీ.శ. 1వ శతాబ్దినాటి గ్రీకు నౌకాయాన గ్రంథము ‘పెరిప్లస్’ భరుకచ్ఛపు రేవున దిగు మధువులలో ఇటలీదానికే అగ్రస్థాన మిచ్చినది. మన తీరమగు మసాలియాకు వచ్చునప్పటికి సన్నని వస్త్రములను పేర్కొన్నదేగాని మధువు మాట ఎత్తలేదు.

మరి ఆ రుచి కృష్ణాతీరము చేరెనా? మన విజయవాడ వన్‌టౌన్ చెంత పారు ఈ నదికే ఎగువన, నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల ప్రాసాదస్థలమున బయల్పడిన స్తంభముపై గడ్డము గల విదేశీయు డొకడు పానశృంగము చేబూని యున్నాడు, ప్రక్కన మధుభాండము. అందు నిండినది ఏ సీమ మధువో శిల చెప్పదు. ఆ ప్రాసాదస్థలము నేడు సాగరగర్భమున నున్నది. అయినను, పరదేశపు పానవిలాసము మనవా రెరుగనిది కాదనుటకు ఆ యొక్క శిల చాలునని మేము తలంతుము.