ప్రజాతి
చిమ్మటల్లో కొత్త జీనస్ ఏర్పరిచారని వార్త వస్తే మన పత్రికల్లో ‘కొత్త జాతి’ అని పడుతుంది. నా మనసు చివుక్కుమంటుంది. జాతి అంటే ఒక్క రకమే. దగ్గరి జాతులన్నిటికీ ఇంటిపేరు ప్రజాతి, అంటే జీనస్. పుట్టుకను చెప్పే ‘జన్’ ధాతువు నుంచే ఈ రెండూ, జన్మ, జనం, ప్రజ కూడా వచ్చాయి; లాటిన్ జీనస్ వీటికి దూరపు చుట్టం. తైత్తిరీయోపనిషత్తులో ప్రజాతి అంటే సంతానవృద్ధి. 1758లో లిన్నేయస్ పట్టుపురుగుతో సహా చాలా చిమ్మటల్ని ఫలీనా అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. పట్టుపురుగు ఇప్పుడు బాంబిక్స్. మా ఉద్దానం జీడితోటల్లో లేతాకుల మీద తెల్లటి బొబ్బలు లేపే పురుగూ చిమ్మట పిల్లే, అక్రోసెర్కాప్స్ ఇంటిది. పలాస జీడిమామిడికి అనకార్డియం ప్రజాతి పేరు. నల్లజీడికి అదే మాట జాతి పేరు.