పచ్చగుంటే సరిపోతదా?

అన్నలారా, చలికాలం ముదిరితే మన ధర్మపురి దిక్కు టేకు, మోదుగు ఆకు రాలుస్తయి. ఇంటి ముందట ఏడాదంతా పచ్చగుండే చెట్టు కావాలని ఎవలకుండదు? ఆ ఆశకే కోనోకార్పస్ దొరికింది. దుబాయ్ పోయిన మన జగిత్యాల, సిరిసిల్లోళ్లు దాన్ని అక్కడి రోడ్ల పొంటి ఎన్నడో చూసిండ్రు. ఎడారిల గూడ వాడిపోదు. 2015ల హరితహారం మొదలైనంక మన ఊర్లల్ల గూడ మస్తు నాటిండ్రు.

2022ల మన సర్కారే ఇగ నాటద్దన్నది. 2023ల గుజరాత్ గూడ ఆపింది. చలికాలం పూతకొస్తది, ఆ పుప్పొడితోని జలుబు, దగ్గు, దమ్ము వస్తయని చెప్పింది. వేర్లు పైపులల్ల దూరుడు వేరే గోస.

పరాయి చెట్టని తిడుతలేను. కాగితంపూలు గూడ పరాయియే. 1767ల ఫ్రెంచోళ్ల ఓడ బ్రెజిల్‌కు పోయినప్పుడు చూసిండ్రు, ఓడ పెద్ద బూగన్‌విల్ పేరే పెట్టిండ్రు. వాన వెనుకపట్టి నేల ఆరినంకనే అది రంగెక్కుతది, చలికాలమంతా ఉంటది. నా కంచె మీద అదే ఉన్నది.

గన్నేరు గూడ మంచిగ పూస్తది గని విషం. గొడ్ల కొట్టం దగ్గర మాత్రం పెట్టకుండ్రి.