గుర్రప్పిల్లల జబ్బు

వైద్యచరిత్రలో గొప్ప డాక్టర్ల కథలకన్నా, ఒకదాన్ని చూసి మరొకటని పొరబడిన సూక్ష్మజీవుల కథలంటేనే నాకు ఇష్టం. రోడోకాకస్ ఈక్వి అలాంటిదే.

1923లో స్వీడన్‌లో మాగ్నుసన్ అనే పరిశోధకుడు, న్యుమోనియా వచ్చిన గుర్రప్పిల్లల ఊపిరితిత్తుల్లోంచి ఈ బ్యాక్టీరియాని వేరుచేశాడు. డిఫ్తీరియా క్రిమి బంధువుల్లో చేర్చి కొరైనిబాక్టీరియమ్ ఈక్వి అన్నాడు. నలభై ఏళ్ళకు పైగా ఇది పశువుల డాక్టర్ల గొడవే. 1967లో అమెరికాలో ఒక యువకుడి ఊపిరితిత్తుల్లో కనిపించింది. అతను పశువుల దొడ్డిలో పనిచేసేవాడు. పైగా, కాలేయం జబ్బుకి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నాడు. ఆ రెండో విషయమే అసలు సంగతి. కానీ అది అందరికీ అర్థం కావడానికి ఎయిడ్స్ రావాల్సొచ్చింది.

1977లో దీని పేరు మారింది. గ్రీకులో రోడో అంటే గులాబీ. లాబ్‌లో పెంచితే లేత గులాబీ రంగులో పెరుగుతుంది మరి. 1986లో ఎయిడ్స్ రోగిలో మొదటి కేసు అచ్చయింది. అదే ఏడాది మద్రాసులో సునీతి సోలమన్ బృందం మన దేశంలో హెచ్‌ఐవీని కనిపెట్టింది.

ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కాస్త భయమేస్తుంది. ఎందుకంటే ఈ జబ్బు అచ్చం టీబీలా ఉంటుంది. వారాల తరబడి జ్వరం, దగ్గు, చిక్కిపోవడం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగాన గుల్ల. టీబీ కోసం వేసే రంగుని కూడా ఒక్కోసారి పట్టుకుంటుంది! టీబీ క్రిమిలాగే, తనని మింగి చంపాల్సిన తెల్ల రక్తకణంలోనే కాపురం పెడుతుంది. పోనీ కళ్లెని కల్చర్ చేస్తే? గొంతులో మామూలుగా ఉండే క్రిములేలే అని పక్కన పడేసే ప్రమాదం. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ దీని మీదా పనిచేస్తుంది కాబట్టి రోగి కొన్నాళ్ళు తేరుకోవచ్చు కూడా. మిగతా మందులు తోడు రాకపోతే క్రిమి ఆ ఒక్కదానికీ అలవాటుపడి మొండికేస్తుంది. అప్పుడు "మందులు సరిగ్గా మింగలేదు" అన్న నింద రోగి మీదికే.

గుర్రాల సంగతి అడిగినా లాభం తక్కువ. ఇది మట్టిలో ఉంటుంది. జబ్బుపడ్డవాళ్ళలో చాలామంది గుర్రం దగ్గరికి వెళ్ళినవాళ్ళే కారు.

డాక్టర్లని తప్పుపట్టలేను. మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్న మనిషి దగ్గుతుంటే ముందు టీబీనే అనుకోవాలి. ఎక్కువసార్లు అదే నిజం. అయినా, కళ్లెలో క్రిమి కనిపించకుండానే టీబీ అని రాసుకున్న ఆ పాత రిజిస్టర్లలో టీబీ కానివాళ్ళూ ఉండే ఉంటారు.

1996 తర్వాత కొత్త హెచ్‌ఐవీ మందులు వచ్చాయి. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో వాటిని ఉచితంగా ఇవ్వడం మొదలైంది. తొలి ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోగనిరోధక శక్తి నిలబడిన మనుషుల్ని వదిలేసి, ఈ క్రిమి చాలావరకు మళ్ళీ గుర్రాల ఫారాలకే పరిమితమైంది. అక్కడ పిల్లలకి ఇప్పటికీ వస్తూనే ఉంది.