తెలంగాణ చారిత్రక కట్టడాలు: చార్మినార్ నుంచి రామప్ప దాకా.. ఏవి చూడాలి, ఏవి కాపాడుకోవాలి?

తెలంగాణ అధికార చిహ్నంలో రెండు కట్టడాలు కనిపిస్తాయి. ఒకటి చార్మినార్, రెండోది కాకతీయుల కీర్తి తోరణం. ఈ రెండింటి మధ్య దాదాపు 150 కిలోమీటర్ల దూరం, మూడు శతాబ్దాలకు పైగా తేడా ఉన్నాయి. రాష్ట్ర చరిత్రను తెలుసుకోవాలంటే ఈ రెండూ చూడాల్సిందే. వీటితో పాటు తప్పక చూడాల్సిన ప్రదేశాలు, వాటి నేపథ్యం, ప్రస్తుతం వాటి పరిస్థితి ఏంటో చూద్దాం.

చార్మినార్, మక్కా మస్జిద్

కుతుబ్‌షాహీ వంశంలో ఐదో సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్‌ను కట్టించారు. గోల్కొండలో జనం పెరిగిపోవడంతో మూసీకి ఇవతల కొత్త నగరం వేయాలని నిర్ణయించారు. ఆ నగరానికి నడిబొడ్డు ఈ కట్టడమే. నాలుగు దిక్కులకూ నాలుగు దారులు ఇక్కడి నుంచే మొదలవుతాయి. పై అంతస్తులో పడమటి వైపు చిన్న మస్జిద్ ఉన్న సంగతి చాలామందికి తెలియదు. నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి.

పక్కనే ఉన్న మక్కా మస్జిద్ పనులు ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలయ్యాయి. 1694లో ఔరంగజేబ్ హయాంలో పూర్తయ్యాయి. అంటే మొదలుపెట్టిన వంశం ఒకటి, పూర్తి చేసింది ఆ వంశాన్ని ఓడించిన చక్రవర్తి. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను మధ్య కమానులో వాడారని చెబుతారు, పేరు కూడా అలాగే వచ్చింది. ఆవరణలో అసఫ్‌జాహీ పాలకుల సమాధులు ఉన్నాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సమాధి మాత్రం ఇక్కడ లేదు, అది కింగ్‌కోఠి దగ్గరి జూదీ మస్జిద్‌లో ఉంది.

చార్మినార్ దాకా వచ్చి లాడ్ బజార్‌లోకి వెళ్లకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువే. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దక్కింది. పర్యాటకులు తగ్గితే ముందు దెబ్బ పడేది కొలిమి ముందు కూర్చుని గాజులు చేసే ఈ కుటుంబాల మీదే.

గోల్కొండ, ఇబ్రహీం బాగ్

గోల్కొండ కాకతీయుల కాలంలో మట్టి కోట. బహమనీల చేతికి వచ్చి, ఆ తర్వాత కుతుబ్‌షాహీల రాజధాని అయ్యాక రాతి కోటగా మారింది. కొల్లూరు గనుల వజ్రాలు ప్రపంచానికి చేరింది ఇక్కడి బజారు నుంచే. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు వచ్చాడన్న కబురు అలా పైకి చేరేది. సుమారు 360 మెట్లు ఎక్కితే పైన దర్బారు, ఆ దారిలోనే ఇబ్రహీం మస్జిద్, జగదాంబ మహంకాళి గుడి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఆషాఢ బోనాలు మొదలయ్యేది ఈ కోటలోనే. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, బందీగా ఉన్నట్లు చెప్పే గది కూడా ఇక్కడే ఉంది.

1687లో ఔరంగజేబ్ సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లోపలివాళ్లు తలుపు తీస్తేనే మొఘలులు అడుగుపెట్టగలిగారు. ఆఖరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషాను దౌలతాబాద్‌లో బందీగా ఉంచారు. ఆయన అక్కడే చనిపోయారు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. అందుకే కోటకు దగ్గర్లోని ఇబ్రహీం బాగ్‌లో పూర్వీకుల గుంబద్‌లు ఉన్నా, తానీషా సమాధి కనిపించదు.

ఈ గుంబద్‌ల కథలో మంచి మలుపు కూడా ఉంది. 106 ఎకరాల ఈ ప్రాంగణంలో 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పునరుద్ధరణ మొదలుపెట్టాయి. గతంలో పూసిన సిమెంట్‌ను తీసేసి, పాత పద్ధతిలో సున్నంతో పని చేయించారు. కూలిపోయిన బడీ బావోలిలో మళ్లీ నీళ్లు నిలిచాయి. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. పనులు ముగిశాక 2024 జూలైలో ప్రాంగణాన్ని ప్రభుత్వానికి అప్పగించారు.

నిజాంల కాలం

చౌమహల్లా ప్యాలెస్ పనులు 1750లో మొదలై, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయ్యాయి. నిజాంల దర్బారు జరిగింది ఇక్కడి ఖిల్వత్‌లోనే. కొండ మీది ఫలక్‌నుమాను పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా కట్టించారు, ఇప్పుడది హోటల్. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితాంతం సేకరించిన వస్తువులతో 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది. మేలిముసుగు రెబెక్కా శిల్పం, గంట కొట్టే బొమ్మ గడియారం చూడ్డానికి పిల్లలూ పెద్దలూ ఎగబడతారు.

ఓరుగల్లు, రామప్ప

వరంగల్ కోట మధ్యలో నాలుగు వైపులా నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఉన్న స్వయంభూ శివాలయం ఇప్పుడు శిథిలాలే. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో కాకతీయ రాజ్యం కూలింది. తోరణాల పక్కనే ఖుష్ మహల్ ఉంది. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయి స్తంభాల గుడి ఉంది.

వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి వస్తుంది. 1213లో సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినా, గుడికి శిల్పి పేరే నిలిచింది. పునాదిలో ఇసుక నింపారు, గోపురానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలంగాణలో ఆ గుర్తింపు పొందిన తొలి కట్టడం ఇదే.

గుర్తింపు ఎక్కడ ఆగింది?

గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ 2010లోనే యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. కాకతీయుల కట్టడాల్లోనూ మొదట రామప్పతో పాటు వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి పేర్లు ఉన్నాయి. చివరికి జాబితాకెక్కింది రామప్ప ఒక్కటే. రామప్ప చుట్టూ పొలాలు, చెరువు మిగిలాయి. మిగతా చోట్ల కట్టడం ఒంటి మీదికి ఊరు వచ్చేసింది. యునెస్కో కట్టడాన్నే కాదు, దాని చుట్టుపక్కలనూ చూస్తుంది.

చట్టం ఉంది. కేంద్ర రక్షణలోని కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం చేయకూడదు. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అయినా గోడల మీద పేర్లు చెక్కడం ఆగలేదు. 2019 మే నెలలో చార్మినార్ మినార్ నుంచి సున్నపు పెచ్చు ఊడి కింద పడింది. అదే ఏడాది కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసింది మామూలు పౌరులు, వారసత్వ ప్రేమికులే. భవనం ఇవాళ నిలబడి ఉందంటే ఆ పిటిషన్ల వల్లే.

వెళ్లేవాళ్లకు

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా శుక్రవారం మూసి ఉంటాయి. మక్కా మస్జిద్‌కు శుక్రవారం జుమా నమాజ్ వేళ కాకుండా వేరే సమయంలో వెళ్లడం మంచిది, ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకోవాలి. గోల్కొండకు ఎండ ముదరకముందే వెళ్తే మెట్లు ఎక్కడం సులువు, నీళ్ల సీసా వెంట ఉండాలి. వరంగల్, రామప్ప కలిపి చూడాలంటే రెండు రోజులు పెట్టుకోండి. పిల్లల్ని తీసుకెళ్తే గోడ మీద పేరు రాయొద్దని వెళ్లే ముందే చెప్పండి.