‘దగ్గు ఉంది’ అని రాస్తే చాలదా? నర్సుల రికార్డులకు ఒకే భాష ఎందుకంటే..

టీబీ వార్డులో నైట్ డ్యూటీ ముగిసింది. కేస్‌షీట్‌లో సిస్టర్ రాసింది ఇంతే: ‘పేషెంట్ డల్‌గా ఉన్నారు. దగ్గు ఉంది.’

పొద్దున డ్యూటీకి వచ్చిన సిస్టర్‌కు దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? కఫం బయటికి వస్తోందా? డల్‌గా ఉన్నది తిండి సహించకా, ఇంటివాళ్లెవరూ రాలేదన్న దిగులుతోనా? మాస్కు పెట్టుకుంటున్నారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే పక్క మంచం మీద ఉన్నవారికీ ముప్పే.

ఇలాంటి ఖాళీలు లేకుండా చూసేందుకు వచ్చిందే ‘ప్రామాణిక నర్సింగ్ భాష’.

అసలేమిటీ భాష?

ఇది మాట్లాడే భాష కాదు. రోగిలో నర్సు గుర్తించిన సమస్యకు, అందుకు చేసిన పనికి, వచ్చిన ఫలితానికి అందరూ ఒప్పుకున్న పేరు, నిర్వచనం, కోడ్ ఉంటాయి. జబ్బులకు ఐసీడీ కోడ్‌లు ఉన్నట్టే అనుకోండి.

1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన నర్సుల సమావేశంతో సమస్యల జాబితాకు పునాది పడింది. దాన్ని ఇప్పుడు నాండా ఇంటర్నేషనల్ నిర్వహిస్తోంది. పనుల జాబితా ‘నిక్’, ఫలితాల జాబితా ‘నాక్’ 1990ల్లో అయోవా యూనివర్సిటీ నుంచి వచ్చాయి. అంతర్జాతీయ నర్సుల మండలి రూపొందించిన మరో పదకోశం ఐసీఎన్‌పీ. 2021 నుంచి అది ‘స్నోమెడ్ సీటీ’ అనే వైద్య పదజాలంలో భాగంగా వస్తోంది.

టీబీ రోగి విషయంలో ఎలా రాస్తారు?

‘ఊపిరితిత్తుల టీబీ’ అన్నది డాక్టర్ నిర్ధారణ. ఆ జబ్బు వల్ల మనిషి ఏం ఇబ్బంది పడుతున్నారో చెప్పేది నర్సు నిర్ధారణ. ఉదాహరణకు, శ్వాసమార్గం సరిగా శుభ్రపడకపోవడం. నాండాలో దీని కోడ్ 00031. దాని పక్కనే కారణం (కఫం చిక్కగా ఉంది), ఆధారం (ఊపిరిలో గురగుర, దగ్గినా తెమడ రావట్లేదు) రాస్తారు. ఆ తర్వాత చేసిన పనులు: తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టడం, దగ్గే పద్ధతి నేర్పడం. చివరగా ఫలితం. నాక్‌లో దీనికి 1 నుంచి 5 వరకు స్కేలు ఉంది. పొద్దున 2 ఉన్నది సాయంత్రానికి 3 అయితే, డ్యూటీలో ఎవరున్నా మెరుగైందని వెంటనే తెలుస్తుంది.

ఎక్కువగా తడబడేది ఇక్కడే

నాండాలో ‘ఇన్ఫెక్షన్ ముప్పు’ (00004) అనే పేరుంది. అంటువ్యాధి కాబట్టి టీబీ రోగికి అదే రాసేయాలనిపిస్తుంది. కానీ ఆ పేరుకు అర్థం, ఈ రోగికి ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం ఉందని. టీబీ ఆయనకు ఇప్పటికే సోకింది. రక్తనాళంలో క్యాన్యులా ఉంటేనో, షుగర్ అదుపు తప్పితేనో ఇంకో ఇన్ఫెక్షన్ రావచ్చు. అలాంటప్పుడే ఆ పేరు సరిపోతుంది.

నిక్‌లోనూ ఇలాంటి జంట పేర్లున్నాయి. క్రిములు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూడటం ‘ఇన్ఫెక్షన్ కంట్రోల్’ (6540). రోగికి మాస్కు, సిబ్బందికి ఎన్-95, గాలి ఆడే గది దీని కిందికే వస్తాయి. ముప్పున్న రోగిని కాపాడుకోవడం ‘ఇన్ఫెక్షన్ ప్రొటెక్షన్’ (6550). పేరు మారితే కాపాడాల్సిన మనిషే మారిపోతారు!

గాయపరిచే మాటలూ మారాయి

మందులు మధ్యలో ఆపేసినవారిని ఒకప్పుడు రికార్డుల్లో ‘డిఫాల్టర్’ అనేవారు, అప్పు ఎగ్గొట్టినవారిలా. పరీక్ష చేయాల్సినవారు ‘సస్పెక్ట్’. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ పక్కనపెట్టి, ‘ఫాలో-అప్‌కు అందనివారు’, ‘టీబీ ఉండొచ్చని భావిస్తున్నవారు’ అని మార్చింది. తప్పు చేసిన మనిషి అన్న ధ్వని పోయింది. అయితే వార్డుల్లో నోటిమాటగా పాతవి ఇంకా వినిపిస్తూనే ఉంటాయి.

మన దగ్గర పరిస్థితేంటి?

స్నోమెడ్ సీటీలో భారత్ 2014లోనే సభ్యదేశంగా చేరింది. 2016 నాటి ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు ప్రమాణాల్లోనూ దానికి చోటుంది. నర్సింగ్ విద్యార్థులు కేర్ ప్లాన్‌లు ఈ పద్ధతిలోనే రాసి పాసవుతారు. ఉద్యోగంలో చేరాక, మంచాలన్నీ నిండిన వార్డులో అంత రాసే తీరిక దొరకదు. కోడ్‌లు వేస్తే చాలదు కూడా. ‘భార్యకు అంటుతుందని భయపడుతున్నారు’ అన్న వాక్యాన్ని ఏ టిక్ బాక్సూ పట్టుకోలేదు. దాన్ని మామూలు మాటల్లో రాయాల్సిందే.

మీరేం అడగొచ్చు?

రోగి లేదా అధీకృత సహాయకులు వైద్య రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకుండా నర్సుల నోట్స్‌తో సహా కేస్‌షీట్ కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. ముఖ్యంగా వేరే ఆసుపత్రికి మారుతున్నప్పుడు, మాస్కు ఎప్పటిదాకా వాడాలి, ఆఖరి డోసు ఎప్పుడు వేశారు అన్నవి అందులో ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.